మూడు గొర్రెల సేపు

ఆ ఏడు కోతల కాలంలో, నేను ఎంతసేపు నోరు మూసుకోగలనో కొలవడానికి అడిలైడ్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు తుయెత్ లామ్. ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. చేతిలో స్టాప్‌వాచీ, మెడలో చిన్న రికార్డరు, కాళ్లకు మా ఊరు పోర్ట్ ట్రెవాన్ దుమ్ము ఇంకా అంటని తెల్లబూట్లు.

అప్పటికి ముప్పై నాలుగేళ్లుగా నేను ఆ బళ్లో పాఠాలు చెబుతున్నాను. నలభై ఒక్కమంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, ఒక ప్రిన్సిపాలు. ఆ ప్రిన్సిపాలు గ్రాంట్ హోస్కింగ్ నా దగ్గరే రెండో తరగతి చదివాడు. ముక్కు తుడుచుకోవడం వాడికి నేనే నేర్పాను. అలాంటివాడు ఒక సోమవారం స్టాఫ్ రూములో గొంతు సవరించుకుని, "మిసెస్ పెంగిల్లీ, ఈ టర్మ్ మనం పరిశోధనల ఆధారంగా పాఠాలు మెరుగుపరుచుకుందామండీ," అన్నాడు.

"ఇన్నాళ్లూ దేని ఆధారంగా చెప్పామంటావు గ్రాంట్? గాలి ఆధారంగానా?"

"అది కాదండీ..."

"ఏది కాదు? నీళ్లు తాగి చెవులు నులుముకుంటే మెదడు చురుకవుతుందని ఒకాయన వచ్చి చెప్పిపోయాడు, గుర్తుందా? ఏడాది పొడుగునా నులుముకున్నారు పిల్లలు. చెవులు ఎర్రబడ్డాయి గాని ఎక్కాలు రాలేదు. ఆయనా పరిశోధనేనన్నాడు."

"ఆయన ఏదీ కొలవలేదండీ. ఈ అమ్మాయి కొలుస్తుంది," అన్నాడు గ్రాంట్.

ఆ మాట నా చెవికెక్కలేదు. అప్పటికే నేను మైక్రోవేవ్ ఎవరు మురికి చేశారన్న విషయంలోకి వెళ్లిపోయాను.

ఎలాగూ నాకు అది ఆఖరి టర్మ్. క్రిస్మస్‌కి రిటైరవుతున్నానని ఊరంతా చాటేశాను. ఉత్తరం కూడా రాసి ఇచ్చాను. సంతకం మర్చిపోయారంటూ గ్రాంట్ వెనక్కిస్తే, అది నా హ్యాండ్‌బ్యాగులోనే మడతలు పడుతూ తిరుగుతోంది. రిటైరవుతున్నది నా కోసం కాదు, నెవ్ కోసం. నెవ్ నా మొగుడు. తాత తండ్రుల నాటి బార్లీ పొలం, రెండువందల పది గొర్రెలు, నేను. ఇవే అతని ప్రపంచం. పగలంతా ఆ పొలంలో ఒక్కడే ఉంటాడు పాపం, ఇంట్లో పలకరించే మనిషి ఉంటే బాగుంటుందని నేననుకున్నాను.

ఆ ఏడు మా ఇంటి మీద ఇంకో ప్రశ్న కూడా వేలాడుతోంది. పక్క పొలం కెల్విన్ ట్రెజైస్ మా భూమిని కౌలుకడిగాడు. పదేళ్ల కౌలు. కోతలు అయ్యేలోగా ఏ సంగతీ చెప్పమన్నాడు. నేను ఆ రాత్రి అన్నం దగ్గరే తేల్చేశాను. "కౌలుకిచ్చి నువ్వేం చేస్తావు నెవ్? గోళ్లు గిల్లుకుంటావా? ఈ పొలం లేకుండా నువ్వు బతకగలవా? బతకలేవులే."

నెవ్ బంగాళాదుంప ముక్కలు చేసుకుంటూ ఉండిపోయాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా ఇంట్లో ముప్పై మూడేళ్లుగా అది పూర్తి అంగీకారమే.

*

తుయెత్ రెండు రోజులు నా తరగతి గదిలో వెనక కూర్చుంది. మూడో రోజు భోజనాల వేళ కాగితాలు పట్టుకుని వచ్చింది. మర్యాద తెలిసిన పిల్ల. ముందు నా గోడబొమ్మల్ని మెచ్చుకుంది.

"మంగళవారం తొమ్మిది నుంచి పదకొండు దాకా మీరు నూట పన్నెండు ప్రశ్నలు అడిగారండీ," అంది.

"అడగాలిగా మరి. బడి కదా."

"అడిగాక జవాబు కోసం సగటున ఎంతసేపు ఆగారో చెప్పగలరా?"

"ఐదు సెకన్లు. ఆరు కూడా ఉంటుంది. నేను చాలా ఓపిక గల మనిషిని, ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు."

"సున్నా పాయింట్ ఎనిమిదండీ."

"నిమిషాలా?"

"సెకన్లు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కాగితం నా వైపు తిప్పింది. నూట పన్నెండు ప్రశ్నల్లో ముప్పై ఎనిమిదింటికి నేనే జవాబు చెప్పేసుకున్నానట. అరవై ఒకటి హంటర్, కియా, జోష్ అనే ముగ్గురు పిల్లలు ఎగరేసుకుపోయారట. మిగిలిన పదమూడు, తక్కిన పదకొండు మందికీ. మర్నీ నీబోన్ పేరు పక్కన గుండ్రంగా సున్నా ఉంది.

"మర్నీ సిగ్గరి," అన్నాను. "ఏడాదిగా ప్రతి రిపోర్టులోనూ రాస్తున్నాను."

"అయ్యుండొచ్చండీ. ఇది యాభై ఏళ్ల కిందటే కొలిచిన సంగతి. టీచర్లు దాదాపు అందరూ ఒక్క సెకను లోపే తెంపేస్తారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, తెలీదనేవాళ్లు తగ్గుతారు, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు నోరు విప్పుతారు. చేతులెత్తడం ఆపేసి ఐస్‌క్రీమ్ పుల్లల మీద అందరి పేర్లూ రాసి డబ్బాలోంచి తీస్తే ఇంకా మంచిది. ముందు ప్రశ్న, తరవాత మూడు సెకన్లు, ఆ తరవాత పుల్ల."

తాతకు దగ్గులు నేర్పినట్టుంది నాకు. "అమ్మాయ్, నువ్వు పుట్టకముందు నుంచీ నేను..."

"నా మాట నమ్మకండి మిసెస్ పెంగిల్లీ. మీరే చేసి చూడండి. ఆరు వారాల తరవాత మళ్లీ కొలుద్దాం. ఏమీ మారకపోతే ఆ కాగితాలు నేనే చించేస్తాను."

చెవులు నులమమన్నాయన ఇలా అనలేదు. అదొక్కటీ నాకు నచ్చింది. పైగా ఆమె ఆ మాట అన్నాక నా వంక చూస్తూ ఆగింది. ఆ మూడు సెకన్లు భరించలేక, సరే అనేశాను.

*

మూడు సెకన్లంటే ఎంతో ఎవరికీ తెలియదు. నోరు మూసుకుని చూస్తే తెలుస్తుంది. నేను గొర్రెల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక గొర్రె, రెండు గొర్రెలు, మూడు గొర్రెలు. మా గొర్రెలు దొడ్డి గేటు దాటేటప్పుడు దాదాపు ఆ వేగంతోనే దాటతాయి.

మొదటి రోజు పుల్లల డబ్బా ముందు పెట్టుకుని అడిగాను. "మన బడి నీళ్ల ట్యాంకు సగం నిండడానికి ఎన్ని రోజులు వాన పడాలో ఎలా కనుక్కుంటాం?"

హంటర్ చెయ్యి నేను 'ట్యాంకు' అన్నప్పుడే లేచింది. నేను చూడలేదు. ఒక గొర్రె. గది నిశ్శబ్దమైంది. రెండు గొర్రెలు. నా గదిలో గోడ గడియారం టిక్కుమంటుందని ఆ రోజే తెలిసింది. మూడు గొర్రెలు. పుల్ల తీశాను. జోష్ పేరు వచ్చింది. జోష్ నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. వీడికీ కాస్త టైమిద్దామని మళ్లీ గొర్రెలు మొదలుపెట్టాను.

"మిస్, మీకు ఒంట్లో బాగుందా?" అంది కియా.

అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేదాకా పెదవి విప్పకూడదని పట్టుదల మీదున్నాను. తలూపాను.

వచ్చిన చిక్కేమిటంటే, ముందు వారమే మా ఊరి అంబులెన్సు వాలంటీర్లు బడికొచ్చి, పక్షవాతం వస్తే ఎలా గుర్తుపట్టాలో పిల్లలకి నేర్పి వెళ్లారు. ఊళ్లో ముసలివాళ్లే ఎక్కువ మరి. పిల్లలు నేను చెప్పిన పాఠాలు మర్చిపోతారు గాని ఆ పాఠం మర్చిపోలేదు.

"మిస్ మాట్లాడటం లేదు!" అని హంటర్ అరిచాడు. "మిస్! ఒకసారి నవ్వండి!"

నవ్వాను.

"వంకరగా ఉంది," అన్నాడు జోష్.

"ఎప్పుడూ అంతే ఉంటుందిరా," అంది కియా. "మిస్, రెండు చేతులూ పైకెత్తండి. ఎత్తగలరా?"

ఎత్తాను. ఒక చేతిలో ఐస్‌క్రీమ్ పుల్ల ఉంది. సరిగ్గా అప్పుడే గ్రాంట్ ఫస్ట్ ఎయిడ్ పెట్టెతో పరుగున వచ్చాడు. హంటర్ ఎప్పుడు వెళ్లి పిలుచుకొచ్చాడో నేను చూడనే లేదు. చేతులెత్తి, మాట్లాడకుండా, నవ్వుతూ నిలబడ్డ నన్ను చూసి గ్రాంట్ తెల్లబోయాడు.

"మిసెస్ పెంగిల్లీ! ఈ రోజు ఏ వారం? నా పేరేంటి?"

"నీ పేరు మొద్దబ్బాయి," అన్నాను చేతులు దించి. "నేను మూడు సెకన్లు ఆగుతున్నాను. పరిశోధన!"

ఆ సాయంత్రానికల్లా ఊరంతా నన్ను పలకరించింది. రొట్టెల కొట్లో ముగ్గురు నా చేత చేతులెత్తించారు.

*

నేను ఆపేసేదాన్నే. మొండితనం కొద్దీ సాగించాను. పిల్లలకూ అలవాటయింది. ఒక్కోసారి మూడు కాదు, పది గొర్రెలు దాటినా ఎవరూ పలికేవారు కాదు. తుయెత్‌కి ఫోన్ చేసి, "నీ మంత్రం పనిచెయ్యడం లేదు," అన్నాను.

"ఏం ప్రశ్న అడిగారండీ?"

"మన రాష్ట్రం రాజధాని ఏది అని."

"దానికి ఎంతసేపు ఆగినా ఒకటే జవాబండీ. ఆగి వినదగ్గ ప్రశ్న అడగాలి."

నూట పన్నెండు ప్రశ్నలూ ఒకసారి నెమరేసుకున్నాను. అందులో ఆగి వినదగ్గవి ఏడో ఎనిమిదో ఉన్నాయి. మనసు చివుక్కుమంది, నిజం చెప్పాలంటే.

నాలుగో వారంలో ఒక వేడి రోజున అడిగాను. "ఉత్తరగాలి వీచే రోజునే కోతలు ఎందుకు ఆపెయ్యమంటారు?" గొర్రెలు లెక్కపెట్టి పుల్ల తీస్తే మర్నీ పేరు వచ్చింది. మునుపటి గ్లెండా పెంగిల్లీ అయితే ఆ పుల్లని గుట్టుగా డబ్బాలో పడేసి ఇంకోటి తీసేది. పిల్లని ఇబ్బంది పెట్టడమెందుకని. నేను పేరు చదివి ఆగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. హంటర్ తన చేతిని తన కిందే పెట్టుకుని కూర్చున్నాడు, పాపం మెలికలు తిరిగిపోతూ. ఏడు, ఎనిమిది.

"ఉత్తరాన ఎడారి కదా మిస్," అంది మర్నీ, బల్లని చూస్తూ. "అక్కడి వేడి తెస్తుంది గాని తడి తేదు. బార్లీ గడ్డి కాగితమైపోతుంది. కోతమెషీన్లో ఒక్క బేరింగు వేడెక్కినా చాలు. గాలి తోలుకుంటూ సముద్రం దాకా పోతుంది."

"చాలా బాగా చెప్పావు!" అని నా నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకో మింగేశాను.

"మా మెషీన్ పోయినేడు అలాగే కాలిపోయింది," అంది మర్నీ. "ఇంకొక్క వరసేగా అని నాన్న ఆపలేదు. తరవాత షెడ్‌లో కూర్చుని ఏడ్చాడు. అందుకే రూలు పెట్టారు. వాళ్లకి వాళ్లు ఆగరని."

ఎవరూ నవ్వలేదు. హంటర్ మెల్లగా, "మా నాన్న కూడా ఆగడు," అన్నాడు. ఇక ఆ గంటలో నేను మాట్లాడింది చాలా తక్కువ. పిల్లలే మాట్లాడుకున్నారు.

సాయంత్రం కారులో కూర్చుని నేను కాసేపు ఏడ్చాను. ఏడాది పాటు ఆ పిల్ల నోట్లో ఇన్ని మాటలుంటే, సున్నా పాయింట్ ఎనిమిది సెకన్లలో అవన్నీ బయటికెలా వస్తాయి? సిగ్గరి అని నేనే రాశాను, నా చేత్తో, మూడు రిపోర్టుల్లో.

తుయెత్‌కి చెబితే సంతోషించింది. "మీరు రెండో విరామం కూడా కనిపెట్టేశారండీ. పిల్లలు జవాబు చెప్పాక వెంటనే మెచ్చుకుంటే అక్కడితో ఆగిపోతారు. ఇంకో మూడు సెకన్లు ఊరుకుంటే, అసలు చెప్పాలనుకున్నది అప్పుడొస్తుంది."

*

ఈ జబ్బు ఇంటికి ఎలా పాకిందో చెప్పాలి.

శుక్రవారం మా ఇంట్లో పాస్టీలు. కైమా, బంగాళాదుంప, ఉల్లి, టర్నిప్, అన్నీ పిండిలో చుట్టి కాల్చి చేస్తాను. మా అత్తగారి చేతి లెక్క. తింటుంటే అలవాటుగా, "బాగుందా నెవ్?" అన్నాను. 'బాగుందిలే' అని నేనే అనాలి. ఈసారి బళ్లో అలవాటు కొద్దీ గొర్రెలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు.

నెవ్ నమలడం ఆపి నన్ను అనుమానంగా చూశాడు. "టర్నిప్ లేకపోతే బాగుంటుంది," అన్నాడు.

"ఏంటీ?"

"టర్నిప్ నాకు పడదు."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ."

"ముప్పై మూడేళ్లుగా తింటున్నావు కదయ్యా!"

"నువ్వు పెడుతున్నావు."

"మరి చెప్పవేం? ప్రతి శుక్రవారం అడుగుతూనే ఉన్నానుగా, బాగుందా అని!"

"అడుగుతావు," అన్నాడు నెవ్. "జవాబు కూడా నువ్వే చెప్పేస్తావు. సరేలే అనుకుంటాను."

రాత్రి పడుకుని లెక్కవేశాను. పదిహేడు వందల పైచిలుకు టర్నిప్ పాస్టీలు. మనిషన్నవాడు తినగలిగే తిండేనా అది?

ఆ వారం ఉత్సాహం పట్టలేక ఇంకా నాలుగు అడిగి ఆగాను. నెవ్‌కి నీలం చొక్కా ఇష్టం లేదు. మా అక్క ఇంట్లో క్రిస్మస్ ఇష్టం లేదు. మా కుక్క పేరు ఇష్టం లేదు, అది తొమ్మిదేళ్ల కుక్క. నాకు భయం పట్టుకుంది. ఈ లెక్కన ఇంకో మూడు గొర్రెలు ఆగితే ఏం వినాల్సొస్తుందోనని, ఇంట్లో ఆగడం మానేశాను. బళ్లో ఆగేదాన్ని, ఇంటికొచ్చి ఆ బాకీ అంతా తీర్చుకునేదాన్ని.

"ఇది ఇంట్లో చాలా ప్రమాదం," అన్నాను తుయెత్‌తో.

"ఇంట్లో చెయ్యమని నేను చెప్పలేదండీ," అంది భయపడి.

అదే రోజుల్లో నెవ్ ఇంకో వింత మొదలుపెట్టాడు. ఫ్రిజ్ ముందుకెళ్లి, తలుపు తియ్యకుండా దాన్నే చూస్తూ నిలబడతాడు. రొట్టెలోకి మాంసం కోసమేమోనని, "హామ్ కింది అరలో ఉంది," అంటాను. తల ఊపి, తీసుకోకుండా వెళ్లిపోతాడు. మర్నాడు మళ్లీ అక్కడే. వయసు మీద పడుతోందనుకున్నాను.

*

డిసెంబరు మొదటి శనివారం మా మహిళా సంఘం కేకుల అమ్మకం. నేనూ కెల్విన్ భార్య మర్లీన్ ఒకే బల్ల వెనక నిలబడ్డాం.

"కౌలు సంగతి నెవ్ ఏమంటాడు గ్లెండా?" అంది మర్లీన్, నిమ్మకేకు కోస్తూ. "శుక్రవారం లోగా తెలీకపోతే కెల్విన్ ఆ పైన డల్రింపుల్ వాళ్ల పొలం తీసేసుకుంటాడు. రెండూ చెయ్యలేడుగా మరి."

"నెవ్‌ని అడగాలా? ఆ మనిషిని పొలంలోంచి పీకితే వేళ్లతో సహా వస్తాడు. కుదరదని చెప్పెయ్."

నోట్లోంచి వచ్చేశాక గాని నాకు తెలియలేదు. మర్లీన్ అడగడం ముగించిందో లేదో, నేను తెంపేశాను. సున్నా పాయింట్ ఎనిమిది. కానీ అప్పటికి ఎవరో స్పాంజి కేకు బేరమాడుతున్నారు. ఆ సంగతి పక్కకి పోయింది.

పూర్తిగా పోలేదు. ఆదివారం గుర్తొచ్చింది. సోమవారం నెవ్‌ని అడుగుదామనుకుని, కోతమెషీన్ మీంచి అలిసిపోయి వచ్చాడని వదిలేశాను. నిజానికి అలసట వంక. టర్నిప్‌ల తరవాత నాకు ఆ మనిషి జవాబులంటే భయం. పొలం ఇష్టం లేదంటే? లేక పొలం మాత్రమే ఇష్టమంటే?

గురువారం ఉత్తరగాలి వచ్చింది. పొద్దున్న ఏడింటికే రేడియోలో చెప్పారు: నలభై మూడు డిగ్రీలు, అగ్గి ప్రమాదం, కోతలు బంద్, బడులకు సెలవు. ముప్పై మూడేళ్లలో నేనూ నెవ్ పనిరోజున పగటిపూట ఒకే వంటింట్లో ఖాళీగా కూర్చున్నది లేదు. కర్టెన్లు దించుకుని కూర్చున్నాం. బయట దుమ్ములో గొర్రెలు కనబడటం లేదు. నెవ్ రెండుసార్లు కిటికీ దగ్గరికెళ్లాడు. తరవాత ఫ్రిజ్ ముందుకెళ్లి నిలబడ్డాడు.

"హామ్ కింది..." అని ఆగిపోయాను.

మర్నీ మాట గుర్తొచ్చింది. వాళ్లకి వాళ్లు ఆగరు. మర్నాడే శుక్రవారం.

"నెవ్," అన్నాను, "పొలం సంగతి నువ్వేం అనుకుంటున్నావు?"

ఒక గొర్రె. రెండు గొర్రెలు. మూడు గొర్రెలు. నెవ్ వెనక్కి తిరగలేదు. పది. పదిహేను. 'నాకు తెలుసులే' అన్న మాట నా పళ్ల వెనకదాకా వచ్చి తలుపు కొట్టింది. తియ్యలేదు. నలభై. నెవ్ బయటికెళ్లి కుక్కకి నీళ్లు పోసి వచ్చాడు. నేను కదల్లేదు. తొంభై. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నూట ముప్పై. టేబులు మీద రొట్టెముక్కల్ని వేలితో ఒకచోటికి చేర్చాడు. మా మందలో ఉన్నవే రెండువందల పది. అవన్నీ గేటు దాటేశాయి. ఇక పక్కింటివాళ్ల గొర్రెల్ని పట్టుకోవాలేమో అనుకుంటుండగా మాట్లాడాడు.

"కెల్విన్‌కి ఇచ్చేద్దాం."

కుర్చీలోంచి లేవబోయాను. ఎందుకు, ఎప్పటినుంచి, ముందే ఎందుకు చెప్పలేదు, మీ నాన్న ఏమనుకుంటారు అని నాలుగు ప్రశ్నలు ఒకేసారి బయల్దేరాయి. రెండో విరామం. చేత్తో నోరు మూసుకున్నాను, అక్షరాలా.

"పొలం నాకెప్పుడూ ఇష్టం లేదు గ్లెన్," అన్నాడు నెవ్. "నాన్న అడగలేదు. తాళాలిచ్చాడు. నువ్వొచ్చావు. నీకిదంతా ఇష్టమనుకున్నాను. కూరగాయల మడులు, కోళ్లు. సరేలే అనుకున్నాను."

నోటి మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ మడులు నేను అతని కోసం వేశాను. కోళ్లంటే నాకు అసహ్యం.

"బడి బస్సు తోలే క్లారీ క్రిస్మస్‌కి మానేస్తున్నాడు," అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ఫ్రిజ్ తలుపు మీద బడి వారపత్రిక అంటించి ఉంది. అంటించింది నేనే. దాని మీద కింద చిన్న గడిలో, బడి బస్సుకి డ్రైవరు కావాలి, పెద్ద బండి లైసెన్సు ఉండాలి అని. ధాన్యం లారీ కోసం ఆ లైసెన్సు నెవ్ దగ్గర ఎప్పటినుంచో ఉంది. వారాల తరబడి నా మొగుడు నిలబడి చదువుతున్నది దాన్ని. నేను హామ్ చూపిస్తున్నాను.

"బస్సా నెవ్?"

"పిల్లలు మాట్లాడుకుంటుంటారు. వింటూ తోలొచ్చు." చెవులు ఎర్రబడ్డాయి అతనికి. "మాట్లాడేవాళ్ల దగ్గర కూర్చోవడం నాకిష్టం. లేకపోతే నిన్నెందుకు చేసుకుంటాను?"

ముప్పై మూడేళ్లలో నాతో అంత పెద్ద మాట ఎప్పుడూ అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఒప్పుకున్నాను. "శనివారం నేను మర్లీన్‌కి కుదరదని చెప్పేశాను నెవ్."

"తెలుసు. కెల్విన్ అదే రోజు ఫోన్ చేశాడు. గ్లెన్‌ని ఒక మాట అడిగి చెబుతానన్నాను."

"మరి అడగలేదేం?"

"ఐదు రోజులుగా చూస్తున్నా," అన్నాడు నెవ్. "సందు దొరకలేదు."

లేచి, గోడ దగ్గరికెళ్లి, తనే ఫోన్ చేశాడు. "కెల్? నెవ్. సరే." అంతే, పెట్టేశాడు. పదేళ్ల కౌలు మూడు మాటల్లో అయిపోయింది. తిరిగొచ్చి, నా ఎదురుగా కూర్చుని, చేతులు కట్టుకున్నాడు.

"నీకేం కావాలి గ్లెన్?"

"నాదేముంది? రిటైరైతే పగలు నీకు తోడుగా..."

"అది నాకేం కావాలో నువ్వనుకున్నది," అన్నాడు. "నీకేం కావాలి?"

ఆగాడు. బళ్లో మూడు సెకన్లు ఆగడానికి నాకు ఆరు వారాలు పట్టింది. ఈ మనిషికి ముప్పై మూడేళ్ల సాధన. రేడియో గాలి దిశ చెప్పింది, ఆగాడు. కుక్క మొరిగింది, ఆగాడు. నేను నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి నాకు జవాబు తెలియని ప్రశ్న ఎదురైంది, అదీ నా గురించే. మర్నీకి అలాంటప్పుడు ఎలా ఉండేదో తెలిసింది. అయినా అతను చూపు తిప్పలేదు, తొందరపెట్టలేదు, తనే చెప్పెయ్యలేదు. నిజంగా వినడానికే కూర్చున్నాడు.

"ఇంకొక్క ఏడాది బడికెళ్తాను," అన్నాను చివరికి. "వాళ్లు ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నారు నెవ్."

నెవ్ ఇంకాసేపు ఊరుకున్నాడు. రెండో విరామం అతనికి ఎవరూ నేర్పలేదు.

"రెండేళ్లు," అన్నాను.

*

టర్మ్ ఆఖరి వారం తుయెత్ వచ్చి మళ్లీ కొలిచింది. తెల్లబూట్లు అప్పటికి మా ఊరి రంగులోకి వచ్చేశాయి. రెండు గంటల్లో నలభై ఆరు ప్రశ్నలు. సగటు ఆగింది మూడు పాయింట్ రెండు సెకన్లు. అందరూ ఒక్కసారైనా మాట్లాడారు. మర్నీ నాలుగుసార్లు. హంటర్ ఇప్పటికీ ఎక్కువే, కాకపోతే వాడు ఇప్పుడు అనే ముందు ఆలోచిస్తున్నాడని ఆమె చిన్నక్షరాలతో రాసింది. కాగితాలు చించనక్కర్లేకపోయింది. నా రాజీనామా మాత్రం చించాను. రిటైర్మెంటు కేకు అప్పటికే ఆర్డరిచ్చేశాడు గ్రాంట్. దాని మీది అక్షరాలు గీకేసి తిన్నాం.

జనవరి ఆఖర్న బడి తెరిచిన రోజు ఏడు ఇరవైకి బస్సు మా గేటు ముందు ఆగింది. కారు వద్దని, బస్సులోనే వస్తానని నేనే అన్నాను. నెవ్ కొత్త చొక్కాలో ఉన్నాడు, నీలం కాదు. లోపల పిల్లలు ఒకటే కాకిగోల. అతని మొహం చూస్తే పెళ్లిపందిట్లో కూర్చున్నట్టుంది. నేను కళ్లజోడు మర్చిపోయి ఇంట్లోకి పరిగెత్తాను, అది ఎక్కడ పెట్టానో నాతో నేను మాట్లాడుకుంటూ. తిరిగొచ్చేసరికి గేటు ముందు దుమ్ము ఉంది, బస్సు లేదు.

సాయంత్రం నిలదీశాను. "రెండువందల పది గొర్రెల సేపు నా నోరు మూయించి కూర్చోబెట్టిన మనిషివి, నా కోసం ఆగలేవా?"

నెవ్ కాస్త ఆలోచించాడు. నేను ఆగాను.

"మూడు గొర్రెలు ఆగాను," అన్నాడు.